పారాణి పెట్టుకున్న తూనీగ

నాంపల్లి స్టేషన్ వెనక సందులో తాతారావు గారికి ఉన్నంతమంది చుట్టాలు హైదరాబాదు మొత్తం మీద ఇంకెవరికీ లేరని పక్కవాటా కమలకుమారి అభిప్రాయం. ఊరికే అనుకున్న మాట కాదు, కళ్ళతో చూసిన మాట. వారంలో రెండు మూడుసార్లు పనిమనిషి యాదవ్వ కూరల సంచిలో గోంగూర కింద పెట్టి ఒక అట్టకవరు పట్టుకొచ్చేది. అందులో పెళ్ళిఫోటోలు ఉండేవి. ఎవరివని అడిగితే తాతారావు "మా చుట్టాలవండీ" అనేవాడు. నలుపూ తెలుపుల్లో దిగిన ఆ చుట్టాలు ఆ ఇంట్లో రెండ్రోజులు ఉండి, బుగ్గలకి గులాబిరంగూ చీరలకి జరీ అంచూ తెచ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఒకసారి తలపాగా చుట్టుకుని నడుముకి కత్తి దోపుకున్న మార్వాడీ పెళ్ళికొడుకు వచ్చాడు.

"ఈయన కూడా చుట్టమేనాండీ?" అంది కమలకుమారి.

"మా పినత్తగారి వైపు," అన్నాడు తాతారావు, రెప్ప వెయ్యకుండా.

అసలు సంగతేమిటంటే తాతారావు భార్య శేషారత్నం అబిడ్స్‌లో గోపాలరావు స్టూడియోకి ఫోటోలకి రంగులు వేసేది. రంగు ఫోటోలు ఇంకా మన ఊరి గుమ్మం తొక్కని రోజులు. ఎంత గొప్పింటి పెళ్ళయినా నలుపూ తెలుపులోనే జరిగేది, తరవాత ఎవరో ఒకరు కూర్చుని దానికి రంగులు వెయ్యాలి. తాతారావు మాత్రం బషీర్‌బాగ్‌లో ఒక కాలేజీలో జువాలజీ లెక్చరరు. లెక్చరర్ భార్య స్టూడియోకి పని చేస్తుందంటే నలుగురూ ఏమనుకుంటారు? ఆ నలుగురూ ఎవరో శేషారత్నానికి పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో ఒక్కసారీ తెలియలేదు. వాళ్ళు ఎక్కడో దగ్గర్లోనే కాపురం ఉంటారనీ, మధ్యాన్నం పూట కూడా నిద్రపోరనీ మాత్రం అర్థమైంది. రంగుల డబ్బుతో కొన్న రేడియోని తాతారావు ఆ నలుగురికీ వినపడేలాగే పెట్టేవాడు.

శేషారత్నం పని మధ్యాన్నం మొదలయ్యేది. తలుపు గడియ పెట్టి, కిటికీ దగ్గరికి పీట లాక్కుని, ఒళ్ళో పాత పలక పెట్టుకుని, దాని మీద ఫోటో. పుల్లకి దూది చుట్టి ముందు ముఖాలు. ఎండన పడి తిరిగే మనిషైనా సరే, ఫోటోలో పాలమీగడ. తరవాత చీర, తరవాత వెనకాల తెర. నగలకి చిక్కటి పసుపు, సన్న కుంచెతో. కుంచె మొన నాలిక మీద పెట్టి తీర్చుకునేది, అందుకని సాయంత్రానికి నాలిక ఎర్రబడేది. చిట్టచివర, బొట్టూ పారాణీ. ఆ రెండిటికీ వేరే రంగు ఉండేది. చిక్కటి ఎరుపు, కింద తారు పూసినా పైకి కనపడనివ్వదు. పెళ్ళికూతురి పాదాలకి పారాణి దిద్ది, అంచు తీర్చి, కుంచె నీళ్ళలో ముంచితే ఆ ఫోటో అయిపోయినట్టు లెక్క. ఇన్ని వందల పాదాలకి దిద్ది దిద్ది, ఆ చివరి పని ఆవిడ చెయ్యక్కర్లేకుండా ఆవిడ చెయ్యే చేసుకుపోయేది.

"ఉన్నది ఉన్నట్టు వెయ్యడానికి మనమేమన్నా పోలీసోళ్ళకి ఫోటోలు తీస్తున్నామా అమ్మా?" అనేవాడు గోపాలరావు. ఆయనది బందరు, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. "పెళ్ళికొడుకు చేతికి వాచీ లేదనుకో, వెయ్యి. మావగారు ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. కనీసం మనమన్నా ఇద్దాం."

ఆ సోమవారం యాదవ్వకి జ్వరం తగిలి దవాఖానకి పోవడంతో, ఫోటోలు ఇవ్వడానికి శేషారత్నమే అబిడ్స్ వెళ్ళింది. గోపాలరావు ఆవిడని మేడమీదకి తీసుకెళ్ళి ఒక కుర్చీ చూపించాడు. పాత ఆర్టిస్టుకి కళ్ళల్లో శుక్లాలు దిగి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడట. కుర్చీ పక్కన నిలువెత్తు కిటికీ, ఉత్తరం వెలుగు. కింద రోడ్డు. డబుల్ డెక్కర్ బస్సు వస్తే పై అంతస్తులో కూర్చున్నవాళ్ళు సరిగ్గా ఈ కిటికీకి ఎదురుగా వచ్చి, ఒక్క క్షణం ఇంట్లోకి వచ్చిన చుట్టాల్లాగే చూసి వెళ్ళిపోయేవాళ్ళు.

"ఇక్కడ కూర్చుని వేస్తే నీ పని రెండింతలు తెగుతుందమ్మా. ఆయన కింద మూల పేరు వేసుకునేవాడు, చిన్నక్షరాల్లో. నువ్వూ వేసుకో. శుక్రవారం లోపల ఏ సంగతీ చెప్తే సరి, లేకపోతే సికింద్రాబాదు నుంచి ఒకాయన్ని అనుకుంటున్నా."

శేషారత్నం కుర్చీలో కూర్చుని చూసింది. లేచింది. మళ్ళీ కూర్చుంది. ఒళ్ళో పలక పెట్టుకున్నట్టు చేతులు పెట్టుకుంది. తన పేరు ఎంత చిన్నక్షరాల్లో రాస్తే ఫోటో మూలకి సరిపోతుందో మనసులోనే రాసుకుంది. "శే" కొంచెం పెద్దదయింది, తగ్గించుకుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర సంగతి చెప్పింది.

"స్టూడియోలోనా? రోడ్డు మీదకి కిటికీ ఉందన్నావు, అందులోంచి కనిపిస్తావా?" అన్నాడు తాతారావు.

"కిటికీ కదండీ, కనిపిస్తాను."

"కింద నీ పేరు కూడానా?"

"చిన్నక్షరాల్లోనే."

"అబ్బే. నలుగురికీ తెలిస్తే..." అని మజ్జిగ కలుపుకుంటూ ఆగాడు. ఆయనకి భార్యతో అప్పుడే ఒక పని పడి ఉంది. పని ఉన్నప్పుడు కాదనడం ఆయన పద్ధతి కాదు. "ఈ ఆదివారం నా లెక్చర్ అయిపోనీ. నా బొమ్మలు రెండు రంగులు వేసిపెట్టు. లెక్చరు బాగా జరిగిందనుకో, అప్పుడు చూద్దాం. గోపాలరావుకి నేను చెప్తాలే, ఇంకో నాలుగు రోజులు ఆగమని."

శేషారత్నం ఆయన విస్తట్లో ఇంకో గరిటెడు మజ్జిగ పోసింది.

లెక్చరు సంగతి చెప్పాలి. పబ్లిక్ గార్డెన్స్ చెరువు దగ్గర రెల్లు మీద ఎర్రగా, సన్నగా, దారప్పోగులా ఉండే సూదితూనీగలు వాలుతుంటాయి. అవి చూడ్డానికి ఒకటే రకం. కాదు, రెండు రకాలని తాతారావు వాదన. మూడు వర్షాకాలాలు ఆయన గొడుగు కింద మోకాళ్ళ మీద కూర్చుని ఆ వాదన సంపాదించాడు. ఆయన పైవాడు, డిపార్టుమెంటు హెడ్డు వామన్‌రావు మాత్రం ఒప్పుకోలేదు. వామన్‌రావుది ఇక్కడే, సుల్తాన్ బజార్.

"రెండూ ఎర్రగనే ఉన్నయి గదనయ్యా! రెండూ గా చెర్లనే ఉన్నయి. ఏంది ఫరకు? ఒకటి ముల్కీ, ఒకటి నాన్-ముల్కీనా?" అని స్టాఫ్ రూంలో అందరి ముందూ అన్నాడు. అందరూ నవ్వారు. తాతారావు రేపల్లె నుంచి వచ్చిన నాన్-ముల్కీ, అంటే బయటివాడు; వచ్చి ఆరేళ్ళయినా ఆ మాటకి ఆయనకి నవ్వు రాలేదు. రెండూ వేరని పదిమంది ముందు చూపిస్తే తప్ప ఆయనకి నిద్ర పట్టదు. అందుకని ఆదివారం సాయంత్రం కాలేజీ హాల్లో ఉపన్యాసం, కుటుంబాలతో సహా ఆహ్వానం, ఉప్మా, కేసరి, కాఫీ.

తూనీగలతో ఉన్న చిక్కేమిటంటే, చచ్చాక వాటి రంగు నిలవదు. తాతారావు రెంటినీ బ్రతికుండగా సీసాలో వేసి గోపాలరావు దగ్గరికి పట్టుకెళ్తే, ఆయన స్టూలు మీద పెట్టి, దీపాలు సర్ది, కెమెరాకి భూతద్దంలాంటి అద్దం బిగించి తీశాడు. "కాస్త తల ఇటు తిప్పమనండి మాస్టారూ," అని కూడా అన్నాడట. ఇంటికి తెచ్చేసరికి అవి రెండూ వేగిన జీలకర్ర రంగుకి తిరిగాయి. ఫోటోలు చూస్తే నలుపూ తెలుపు. ఇక ఎరుపు అన్నది తాతారావు నోట్లో తప్ప ఇంకెక్కడా లేదు.

"ఏ ఎరుపండీ?" అంది శేషారత్నం, గురువారం, రంగుల పళ్ళెం ముందేసుకుని.

"ఎరుపు. ఎరుపంటే ఎరుపే."

"కుంకుమా? పండుమిరపకాయా? దానిమ్మగింజా? పోస్టు డబ్బా?"

తాతారావు పైకి చూసి ఆలోచించాడు. "మీ అక్కయ్య గృహప్రవేశానికి కట్టుకుందే, ఆ చీర."

"అది ఆకుపచ్చ."

"అయితే అది కాదు. కుంకుమ అనుకో."

"రెండోది?"

"అదీ ఎరుపే. కానీ కాస్త... కాస్త కోపంగా ఉంటుంది."

శేషారత్నం పళ్ళెంలో కుంకుమలో చిటికెడు నలుపు కలిపి కోపం తయారుచేసింది. తాతారావు వంగి చూసి, ఆ కోపం చాలన్నాడు.

"నడుము దగ్గర దీనికి నల్లమచ్చలు. కళ్ళు ఇలా. కానీ అసలు సంగతి కాళ్ళు, రత్నం. మొదటిదాని కాళ్ళు ఎరుపు. రెండోదాని కాళ్ళు నలుపు. తేడా అంతా అక్కడే. ఏం మర్చిపోయినా ఫరవాలేదు, కాళ్ళు మాత్రం మర్చిపోకు."

"మర్చిపోను."

ఆవిడ మాట మీదే నిలబడింది. కాళ్ళు మర్చిపోలేదు. వచ్చిన చిక్కల్లా అదే.

శుక్రవారం మధ్యాన్నం ఆవిడ ముందు ఆరు ఫోటోలున్నాయి, నాలుగు పెళ్ళికూతుళ్ళు, రెండు తూనీగలు. జ్వరం తగ్గి పనిలోకొచ్చిన యాదవ్వ గిన్నెలు తోమి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"గిదేందమ్మా, పురుగులు గుడ ఫోటో తీయించుకుంటున్నయా?"

"మీ సారువే."

"సారు చుట్టాలా?"

"నోర్మూసుకుని ఆ కిటికీ కాస్త తెరు."

శేషారత్నం ఆ రోజు చేసినంత జాగ్రత్తగా ఎప్పుడూ చెయ్యలేదు. రెక్కల్లో ఈనెల మధ్య నీటిరంగు వేసి ఆరబెట్టి, మళ్ళీ వేసి ఆరబెట్టింది. నడుము మీద ఒక్కొక్క కణుపుకీ వెలుగు ఒక పక్క, నీడ ఒక పక్క. పెళ్ళికూతుళ్ళకీ తూనీగలకీ మధ్య చెయ్యి అటూ ఇటూ నడిచింది. ఇది ఆరేలోపు అది. అది ఆరేలోపు ఇది. మనసు మాత్రం అబిడ్స్ కిటికీ దగ్గరే కూర్చుని ఉంది. ఈ రెండు బొమ్మలూ బాగా కుదిరితే ఆ కుర్చీ తనది. ఎండ కిటికీ దిగే వేళకి అందరికీ బొట్లు దిద్దింది, అందరికీ పారాణి దిద్దింది, అంచులు తీర్చింది, కుంచె నీళ్ళలో ముంచింది.

సాయంత్రం తాతారావు వచ్చి తూనీగల ఫోటోలు రెండూ చేతులు చాపి దూరంగా పట్టుకుని చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. "బ్రహ్మాండం," అన్నాడు. "ఎగిరిపోతాయేమో అన్నట్టున్నాయి."

శేషారత్నం సోమవారం అబిడ్స్‌కి కట్టుకెళ్ళడానికి నేత చీర ఒకటి ఉతికి ఆరేసింది.

ఆదివారం హాలు నిండిపోయింది. తూనీగల కోసమని చెప్పలేం. ఎడమ పక్క ఆడవాళ్ళ వరసలు, కుడి పక్క మగవాళ్ళు. ముందు వరసలో వామన్‌రావు దంపతులు. శేషారత్నం రెండో వరసలో, కమలకుమారి పక్కన. కిటికీలకి నల్లతెరలు దించారు. పెట్టెలో ఫోటో పెడితే గోడ మీద పెద్దది చేసి చూపించే యంత్రం ఒకటి కాలేజీ ఆ ఏడే కొంది. దాన్ని ప్యూను పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు.

మొదటి తూనీగ గోడ మీదకి రాగానే హాలంతా "అబ్బ" అంది. శేషారత్నం ఆ "అబ్బ"ని చీకట్లో ఒళ్ళో పెట్టుకుంది. గజం పొడుగు ఎర్రనడుము, గాజు రెక్కలు. తాతారావు క్లోజ్ కోటు పై గుండీ సర్దుకున్నాడు. దీని కాళ్ళు ఎంత ఎర్రగా ఉన్నాయో చూడమన్నాడు. చూశారు.

"ఇప్పుడు రెండోది," అన్నాడు. ప్యూను ఫోటో మార్చాడు. తాతారావు జనం వైపే తిరిగి ఉన్నాడు, ఎందుకంటే ఆయనకి గోడ వైపు చూడాల్సిన అవసరం లేదు, మూడేళ్ళుగా ఆ తూనీగ ఆయన కళ్ళల్లోనే ఉంది. బెత్తం మాత్రం వెనక్కి చాపి సరిగ్గా కాళ్ళ మీద పెట్టాడు.

"చూశారా! నలుపు. బొగ్గులాంటి నలుపు. ఎర్రటి ఒంటికి ఇంత నల్లటి కాళ్ళు చూశాక, ఈ రెండూ ఒకటేనని ఇంకా ఎవరైనా అనగలరా?"

గోడ మీద ఆరు కాళ్ళూ చివరిదాకా ఎర్రగా ఉన్నాయి. కాళ్ళు ఒంట్లో కలిసే చోట అంచు కూడా ఒద్దికగా తీర్చి ఉంది. ఆ గీత చూడగానే శేషారత్నం తన చెయ్యిని గుర్తుపట్టింది.

ముందు వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత ఒక బెంచీ. తరవాత హాలు. ఉపన్యాసం ఇంత రక్తి కడుతుందనుకోని తాతారావు కూడా చిన్నగా నవ్వాడు.

"తాతారావ్," అన్నాడు వామన్‌రావు, కళ్ళు తుడుచుకుంటూ. "జర వెనక్కి మర్రి చూడు."

తాతారావు తిరిగాడు. చాలాసేపు చూశాడు. బెత్తంతో ఒక కాలు మీద మెల్లగా గీకాడు, అది గోడ. మళ్ళీ జనం వైపు తిరిగేసరికి ముఖం చెమటపట్టి ఉంది.

"రంగులు నేను వెయ్యలేదండీ," అన్నాడు. "మా ఆవిడ వేసింది. అబిడ్స్‌లో గోపాలరావు స్టూడియోకి ఆవిడ పెళ్ళిఫోటోలకి రంగులు వేస్తుందండీ. ఎప్పటినించో వేస్తుంది. ఆ అలవాటులో తూనీగకి కూడా పారాణి పెట్టేసింది. నా తప్పేం లేదు. అదిగో, అక్కడ కూర్చుంది, కావాలంటే అడగండి."

నల్లతెరల చీకట్లో, యంత్రం వెలుతురుకి తలలన్నీ ఇటు తిరిగాయి. శేషారత్నం కొంగు భుజం మీదకి లాక్కుంది. చేసిన ఫోటోలు ఎన్ని వందలో, ఏ ఒక్కదానికీ ఆవిడ పేరు రాలేదు. ఒక్క తప్పుకి మాత్రం ఊరూ వాడా విలాసంతో సహా వచ్చింది.

కమలకుమారి మెల్లగా చెవి దగ్గరికి వంగింది. "అయితే ఆ కత్తి పట్టుకున్న మార్వాడీ ఆయన..."

"చుట్టం కాదు," అంది శేషారత్నం.

"నేను ఆయన్ని మావాళ్ళ పిల్లకి సంబంధం అడుగుదామనుకున్నా," అంది కమలకుమారి, నిజంగానే బాధపడుతూ. ఆయనకి అప్పటికే పెళ్ళయిందన్న సంగతి గానీ, అది పెళ్ళి ఫోటోయేనన్న సంగతి గానీ ఆవిడ ఆలోచించినట్టు లేదు.

తెరలు తీశారు. ఉప్మా దగ్గర శేషారత్నం గోడకి ఆనుకుని నిలబడి, ఎటునుంచి బయటపడాలా అని చూస్తోంది. వామన్‌రావు భార్య ప్లేటు పట్టుకుని తిన్నగా ఆవిడ దగ్గరికే వచ్చింది. లావుపాటి మనిషి, ముక్కుకి పెద్ద నత్తు.

"గోపాలరావు స్టూడియోల రంగులేసేది నువ్వేనా?"

"అవునండీ. ఆ కాళ్ళు..."

"కాళ్ళ ముచ్చట ఇడువు. మా బిడ్డ పెళ్ళి ఫోటో నువ్వేసిందేనా? పోయిన మాఘంల. నెమలిపింఛం రంగు పైఠణీ."

శేషారత్నానికి ఆ చీర గుర్తొచ్చింది. మూడు మధ్యాన్నాలు తిన్న చీర. "పల్లూలో చిలకలుండాలి."

"ఔ! చిలకలు! చూసిన్రా?" అని ఆవిడ వెనక్కి తిరిగి నలుగురిని పిలిచింది. "అసలు చీరకు గంత మంచి రంగు లేకుండె. దీంట్ల చూసినంక మా వియ్యపురాలు అసలు చీర నకిలీదనుకున్నది! ఎవరేసిన్రని అడిగితే గా స్టూడియో ఆయన చెప్పకపాయె. ఏంది, గింత దాచిపెట్టుడు?"

కేసరి చల్లారిపోయేలోగా ఆడవాళ్ళంతా అక్కడే చేరారు. ఒకావిడకి అత్తగారి ఫోటోలో కోపం తగ్గించాలి. ఇంకొకావిడ, పోయిన తండ్రి చొక్కా తెల్లగా పడింది, ఆయనకి లేతనీలం ఇష్టం, ఇప్పుడు వెయ్యొచ్చా అని అడిగి, జవాబు చెప్పేలోపే కళ్ళు తుడుచుకుంది. "వెయ్యొచ్చండీ," అంది శేషారత్నం. "ఏ నీలమో ఒక గుడ్డముక్క ఉంటే తెండి."

అవతల పక్క తాతారావు ఉప్మా ప్లేటుతో ఒక్కడే నిలబడి ఉన్నాడు. తూనీగల గురించి ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. తూనీగకి పారాణి బాగుందని మాత్రం ఒకరిద్దరు చెప్పి వెళ్ళారు.

ఇద్దరూ రిక్షా ఎక్కి గన్‌ఫౌండ్రీ దాకా వచ్చారు.

"ఆ కాళ్ళు..." అన్నాడు తాతారావు.

"నేనే వేశానండీ. తప్పు నాదే."

ఆవిడ కాదంటే ఏమనాలో తాతారావు దగ్గర అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఔనంటే ఏమనాలో ఒక్కటీ లేదు.

"శుక్రవారం మీకు చూపించాను కదండీ," అంది శేషారత్నం. "చేతులు చాపి మరీ చూశారు. ఏం చూశారు?"

అబిడ్స్ సెంటరు దాటింది. నాంపల్లి మలుపు తిరిగింది.

"వెనకాల నా పేరు సరిగ్గా రాశారా లేదా అని చూశాను," అన్నాడు తాతారావు.

సోమవారం పొద్దున్న ఆయన కాలేజీకి బూట్లు తొడుక్కుంటూ తలెత్తేసరికి శేషారత్నం ఉతికిన నేత చీర కట్టుకుని, తల దువ్వుకుని, కుంచెల డబ్బా సంచిలో పెట్టుకుంటోంది. సంచిలో గోంగూర లేదు.

"ఎక్కడికి?"

"అబిడ్స్‌కి. గోపాలరావు గారు ఆగుతానన్న నాలుగు రోజులూ ఇవాళ్టితో అయిపోతాయి కదండీ."

"నేను చూద్దామన్నాను గానీ సరేననలేదే! లెక్చరు బాగా జరిగితే అన్నాను. జరిగిందా?"

"జరగలేదు."

"మరి? నలుగురికీ తెలిస్తే..."

"నలుగురికీ నిన్న మీరే చెప్పారు కదండీ, నిండు హాల్లో," అంది శేషారత్నం. వెటకారం లేకుండా, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు. "ఇంకా ఎవరైనా మిగిలిపోతే చెప్పండి. దార్లోనే కదా, చెప్పేసి పోతాను."

తాతారావు ఒక బూటుతో ఆలోచించాడు. ఎంత ఆలోచించినా మిగిలినవాళ్ళు ఎవరూ తగల్లేదు. గుమ్మంలో యాదవ్వ చీపురు పట్టుకుని కదలకుండా వింటోంది.

"రెండో బూటు మంచం కింద ఉంది సారూ," అంది.

స్టూడియోలో కుర్చీ ఖాళీగానే ఉంది. సికింద్రాబాదు ఆయన వచ్చి చూసుకుని, కిటికీలోంచి బస్సులో జనం తొంగిచూస్తున్నారని చిరాకుపడి వెళ్ళిపోయాడట. శేషారత్నానికి అదే ఇష్టమైంది. పదకొండింటి బస్సులో ఒక ముసలాయన తన తలపాగా చూపించి, దీనికీ వెయ్యవా అన్నట్టు సైగ చేశాడు. ఆవిడ తలూపింది. ఆ రోజు పూర్తిచేసిన మొదటి ఫోటో కింద మూల పేరు వెయ్యబోయి, కుంచె కింద పెట్టేసి, మధ్యాన్నం దాకా ఆగి, అప్పుడు వేసింది. గోపాలరావు భూతద్దం పెట్టి చూసి, "ఇంత చిన్నదైతే చీమలే చదువుకోవాలమ్మా. ఇంకాస్త పెంచు," అన్నాడు.

బుధవారం సాయంత్రం మెట్ల మీద తెలిసిన దగ్గు వినిపించింది. తాతారావు చేతిలో అట్టకవరు, దాని మీద స్టూడియో రసీదు. కింద గోపాలరావు అందరితోపాటే వరసలో నిలబెట్టి రసీదు రాసిచ్చాడు. గది గుమ్మంలో ఆగి, లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు నిలబడ్డాడు.

"మళ్ళీ అచ్చు వేయించాను. ఆ రెండే," అన్నాడు. "వామన్‌రావు గారు ఇంకొక్క చాన్సు ఇస్తానన్నారు, స్టాఫ్ రూంలోనే. ఉప్మా లేకుండా. కాలేజీలో అందరూ నన్ను పారాణి మాస్టారు అనే పిలుస్తున్నారు రత్నం. ఈసారి కాళ్ళు..."

శేషారత్నం ఫోటోలు తీసుకుని వెలుగుకి పట్టుకుంది. రెండూ పక్కపక్కన పెట్టింది. తిరిగి కవర్లో పెట్టేసింది.

"వీటిని నేను చూడలేదండీ."

"ఇదివరకు వేశావుగా!"

"మీరు చెప్తే వేశాను. పెళ్ళికూతుళ్ళనైతే నేను ఎన్నో చూశాను, చెయ్యి తిరిగినట్టు వేసినా చెల్లుతుంది. ఇవి బ్రతికున్నవి ఒక్కటీ చూడలేదు. చూడకుండా ఇంక వెయ్యను."

"పబ్లిక్ గార్డెన్స్ లోనే కదా, అదెంత దూరం..." అని తాతారావు ఆగాడు. ఆరేళ్ళలో ఇంటినుంచి అరమైలు కూడా లేని ఆ తోటకి తను వందసార్లు వెళ్ళాడు, భార్యని ఒక్కసారీ తీసుకెళ్ళలేదు. ఆ సంగతి ఆయనకి అప్పుడే తట్టినట్టుంది. రసీదు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "రేపు పెందరాళే వస్తాను," అన్నాడు.

మర్నాడు సాయంత్రం వెళ్ళారు. వర్షాలు వెనకబట్టిన రోజులు, చెరువు గట్టుదాకా నిండి ఉంది. పడమటి ఎండ నీళ్ళ మీద ఏటవాలుగా పడుతోంది. తాతారావు వలా, భూతద్దం, గొడుగూ తెచ్చాడు. వల ఎత్తబోతుంటే శేషారత్నం ఆపింది.

"పట్టుకోకండి. పట్టుకుంటే జీలకర్రయిపోతాయన్నారుగా."

గడ్డి మీద కూర్చున్నారు. కాసేపు ఏమీ లేదు. తరవాత రెల్లు కొస మీద ఒకటి వాలింది. రెక్కలు ముడిచి వీపు మీద పెట్టుకుని, ఒంటిని నీళ్ళ మీదకి చాపి. శేషారత్నం ముందుకి వంగింది. కుంకుమా కాదు, మిరపపండూ కాదు. ఎండ వెనకనించి తగిలినప్పుడు ఒకలా ఉంది, అది తిరిగితే ఇంకోలా ఉంది. తన పళ్ళెంలో ఉన్న ఏ రంగుకీ ఆ ఎరుపు చుట్టం కాదు. ఆవిడ వేళ్ళు ఒళ్ళో పుల్లకి దూది చుట్టుతున్నట్టు కదిలాయి.

ఇంకొకటి వచ్చి పక్క రెల్లు మీద వాలింది.

"అదిగో, అదే రెండోది," అని గుసగుసలాడాడు తాతారావు. కాసేపాగి, "లేకపోతే ఇవతలదేమో," అన్నాడు. "చేతిలో ఉంటే ఇట్టే చెప్పేస్తాను. ఇంత దూరం నుంచి..." ఆగిపోయాడు. తరవాత, ఇంటికొచ్చి జీతం కవరు చేతిలో పెట్టే రోజు తప్ప ఎప్పుడూ వాడని మెత్తటి గొంతుతో అడిగాడు. "రెండూ వేరేనంటావా, రత్నం?"

మూడు వర్షాకాలాల మోకాళ్ళ నొప్పి ఆ గొంతులో ఉంది. ఔనని ఒక్క మాట అనేస్తే ఆయనకి ప్రాణం లేచొస్తుందని ఆవిడకి తెలుసు.

"ఉండండి," అంది. "చూడనివ్వండి."

ఎండ చెట్ల మీదకి ఎక్కింది. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు గేటు వైపు పోతున్నారు. తోట కాపలా మనిషి బిచ్చయ్య తాళాల గుత్తి ఊపుకుంటూ వచ్చాడు. తాతారావు అతనికి పాత పరిచయమే.

"సార్, గేట్ బంద్ చేస్తున్న. లేవున్రి ఇగ."

"కాస్త ఆగవయ్యా."

"మీరైతే ఎప్పటికున్నదే. అమ్మను గుడ తెచ్చి గీ బురదల కూసోబెట్టిన్రు. ఏం పని సార్ గీడ?"

గట్టు మీద ఎవరో తెలుగువాళ్ళు, మంచి బట్టలు కట్టుకున్నవాళ్ళు, ఆగి ఇటే చూస్తున్నారు. శేషారత్నం వెనకనించి తాతారావు సన్నగా దగ్గాడు. ఆ దగ్గు తరవాత ఏమొస్తుందో ఆవిడకి తెలుసు. గాలికి వచ్చామనో, చుట్టాలకోసం చూస్తున్నామనో.

"మా ఆవిడ ఫోటోలకి రంగులు వేస్తుంది," అన్నాడు తాతారావు. బిచ్చయ్యకి అంత గట్టిగా చెప్పక్కర్లేదు, అతను పక్కనే ఉన్నాడు. "అబిడ్స్‌లో. పెద్ద ఆర్టిస్టు. ఇప్పుడు పని మీద ఉంది. మధ్యలో లేపకూడదు."

గట్టు మీదవాళ్ళు ఇంకాసేపు చూసి వెళ్ళిపోయారు. తాళాల గుత్తి చప్పుడు ఆగింది. బిచ్చయ్య దాన్ని జేబులో పెట్టుకుని, తాతారావు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"గట్లనా. చేస్కోనియ్యిన్రి మరి," అన్నాడు. "ఏది సార్? గా ఎర్రదా?"

"రెండున్నాయి."

"నాకు ఒకటే తీరుగ కొడుతున్నయి."

"అందరికీ ముందు అలాగే ఉంటుంది," అన్నాడు తాతారావు. "సరిగ్గా చూడు."

శేషారత్నం వెనక్కి తిరగలేదు. మెడ దగ్గర వెచ్చగా అయింది, చెంపల దాకా పాకింది. ఏ రంగు కలిపితే అది వస్తుందో చూసుకోవడానికి ఆవిడకి అద్దం లేదు. అప్పుడే గాలి వచ్చి రెల్లు ఊగింది. రెండు తూనీగలూ లేచి, నీళ్ళ మీద ఒక చుట్టు తిరిగి, ఒకదాని చోట ఒకటి వాలాయి. ఏది ఏదో మళ్ళీ మొదటినించీ చూసుకోవాల్సి వచ్చింది.